ఏ సరే?

వ్యానక్కకి రెండు అలవాట్లు. బండి ఎక్కేముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవడం మొదటిది. ఏదైనా పట్టుకుంటే ఇక వదలకపోవడం రెండోది. మొదటిది బండి నేర్పినాయన నేర్పాడు. రెండోది పుట్టుకతోనే వచ్చిందని వాళ్ళాయన అంటాడు, అదీ ఆవిడ ఇంట్లో లేనప్పుడు.

ఆవిడది బడిపిల్లల వ్యాను. అంతకుముందు బ్రెడ్డు ఫ్యాక్టరీలో సరుకు బండి నడిపింది. బ్రెడ్డుతో గొడవ ఉండదు, ఎక్కించింది ఎక్కించినట్టే కూర్చుంటుంది. పిల్లలు అలా కాదు. ఒకడికి కిటికీ పక్క సీటు కావాలి, ఇంకొకడికి సరిగ్గా ఆ కిటికీయే కావాలి. ఆడమనిషి నడిపే బండిలో పిల్లల్ని ఎలా పంపిస్తామని మొదట్లో మొహం చిట్లించిన తల్లులే ఇప్పుడు, “మావాడు సరిగ్గా తినట్లేదు, కాస్త నువ్వు చెప్పు” అని ఆవిడ దగ్గర మొరపెట్టుకుంటారు. వ్యానక్క అన్నది పిల్లలు పెట్టిన పేరే. ఇప్పుడు పాలు పోసేవాడు కూడా అలాగే పిలుస్తున్నాడు.

బడి ఒక సందులో ఉంది. మెయిన్ రోడ్డు నుంచి లాండ్రీ పక్కగా లోపలికి వస్తే కుడిచేతి వైపు గేటు. సందు ఇంకా ముందుకి పోయి, ప్రింటింగ్ ప్రెస్సు దగ్గర మలుపు తిరిగి, వెనక వీధిలో కలుస్తుంది. అటు ఎవరూ పోరు. తొమ్మిది వ్యాన్లూ లాండ్రీ వైపు నుంచే వచ్చేవి. వ్యాన్ల తలుపు ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి, గేటు ముందు వెనక్కీ ముందుకీ కొట్టి బండిని తిప్పుకుని, తలుపు గేటుకి ఎదురుగా వచ్చేలా నిలబెట్టి, పిల్లల్ని దింపి, వచ్చిన దారినే పోయేవి. ఏళ్ళ తరబడి అంతే. ఎవరికీ తప్పనిపించలేదు.

ఒకరోజు పొద్దున వ్యానక్క బండిలోంచి దిగిన రెండో తరగతి పిల్ల, స్నేహితురాలు కనపడగానే పరుగెత్తింది. వెనక ఇంకో వ్యాను తిరుగుతోంది. పిల్ల తప్పుకుంది. భుజం మీంచి జారిన సంచి తప్పుకోలేదు. చక్రం దాని మీద నుంచి పోయింది. లోపల తినే డబ్బా పలకలా చదునైపోయింది. పిల్ల దాన్ని చూసి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. వ్యానక్క గుండె గుభేల్మంది. ఆ రోజంతా సంచి బదులు ఏముండేదో ఆవిడ తలుచుకోకుండా ఉండలేకపోయింది.

ఆ వ్యాను బాబాయిది. డ్రైవర్లందరికీ ఆయన బాబాయే. అందరికంటే పాతవాడు, వాళ్ళలో సగంమందికి బండి నేర్పినవాడు. వ్యానక్కకి నేర్పింది కూడా ఆయనే.

సాయంత్రం బడి పెద్ద మేడం అందరినీ గేటు దగ్గర నిలబెట్టింది. “ఇక నా గేటు ముందు ఎవ్వరూ వెనక్కి కొట్టడానికి వీల్లేదు. ఎలా వస్తారో, ఎలా పోతారో మీలో మీరు తేల్చుకుని ఒక్కమాట మీద రండి. వారం టైమిస్తున్నా. ఒక్క బండి మాట తప్పినా సరే, అన్నిటినీ మెయిన్ రోడ్డు మీదే ఆపించేస్తాను. పిల్లలు అక్కణ్ణుంచి నడిచొస్తారు.”

మెయిన్ రోడ్డు అంటే లారీలు. ఒకటో తరగతి పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ రోడ్డు దాటడం వ్యానక్క కళ్ళముందు కనపడింది. అలా జరగనివ్వకూడదని అక్కడే అనుకుంది. అనుకుందంటే ఇక పట్టుకుందన్నమాట.

డ్రైవర్లందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం అయ్యే పని కాదు. బడి గంట కొట్టాక ఒకడు గ్యాస్ సిలిండర్లు వేస్తాడు, ఒకడు ఆసుపత్రి దుప్పట్లు లాండ్రీకి చేరుస్తాడు. అందుకని మాటలన్నీ ఫోనులోనే. ‘గేటు గ్రూపు’ అని ఒకటుంది, దానికి అడ్మిన్ వ్యానక్కే. అందులో రెండు శాల్తీల గురించి చెప్పుకోవాలి. ఒకడు సైలెన్సర్. వాడి బండికీ శబ్దం ఎక్కువే, వాడికీ శబ్దం ఎక్కువే, పేరు మాత్రం అది. రెండోవాడు గుడ్‌మార్నింగ్. రోజూ పొద్దున పువ్వు బొమ్మ పెడతాడు. ఊళ్ళో ఏం మునిగిపోతున్నా పువ్వు మాత్రం ఆగదు.

వ్యానక్క రాసింది: “లాండ్రీ వైపు నుంచి వద్దాం. దింపేసి, వెనక్కి కొట్టకుండా నేరుగా ప్రెస్సు సందు గుండా పోదాం.”

సైలెన్సర్ వెంటనే లేచాడు. “అప్పుడు తలుపు గేటుకి అవతలి పక్క పడుతుందక్కా. పిల్లలు బండి ముందు నుంచి దాటాలి.”

“మనం దిగి దాటిద్దాం.”

“తొమ్మిది మందిమీ దిగితే వెనకున్న బండి ఎంతసేపు ఆగాలి?”

అలా మొదలైంది. వారం సగం అయ్యేసరికి ఆ గ్రూపులో పడ్డ మాటలన్నీ అచ్చేస్తే ప్రెస్సువాళ్ళకి కాయితం చాలేది కాదు. ఒకడు అడిగినదానికి ఇంకొకడు సమాధానం చెప్పేలోపు మూడోవాడు వేరే సంగతి ఎత్తేవాడు. మధ్యలో పువ్వు. వ్యానక్క అన్నిటికీ జవాబు చెప్పింది. ఎర్ర లైటు దగ్గర ఆగితే రాసింది, పొయ్యి దగ్గర నిలబడి రాసింది. ఉడుంపట్టు పట్టింది. ఆ పట్టు తట్టుకోలేక ఒక్కొక్కరే దిగొచ్చారు. ఒకడు సరే అన్నాడు. ఇంకొకడు సరే అన్నాడు. గుడ్‌మార్నింగ్ పువ్వు కింద సరే అని రాశాడు. సైలెన్సర్ చివరిదాకా పోరి, “సరే” అన్నాడు. బాబాయి కూడా “సరే” అన్నాడు.

వ్యానక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. పెద్ద మేడం దగ్గరికి పోయి, అందరం ఒక్కమాట మీదున్నామని చెప్పి వచ్చింది. చూసుకుంటే పప్పులో కాలేసింది అక్కడే.

మర్నాడు శనివారం. వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, దింపాయి, ప్రెస్సు వైపు పోయాయి. చివరగా బాబాయి పొడుగాటి పాత వ్యాను వచ్చింది. గేటు ముందు ఆగింది. ఆ తర్వాత, ఎప్పటిలాగే, కుయ్ కుయ్ మని అరుచుకుంటూ వెనక్కి రావడం మొదలుపెట్టింది. పిల్లలు గోడకి అతుక్కుపోయారు. మేడమీద కిటికీలోంచి పెద్ద మేడం చూసింది. కిందికి దిగొచ్చి వ్యానక్కతో ఒకటే మాట అంది. “సోమవారం దాకా చూస్తాను. నువ్వు ఒక్కమాట అని చెప్పావు కాబట్టి ఆగుతున్నాను.”

గ్రూపు భగ్గుమంది. సైలెన్సర్ రాశాడు: “బాబాయిని గ్రూపులోంచి తీసెయ్యక్కా. బడి వ్యాన్ల లైన్లోంచి కూడా తీసేద్దాం. మిగతా అందరం ఒక్కమాటేగా.” ఆ మాట కింద టపటపా బొటనవేళ్ళు లేచాయి.

లెక్క ప్రకారం అదీ నిజమే. కాదన్నవాణ్ణి బయటికి నెట్టేస్తే మిగిలినవాళ్ళందరూ ఔననేవాళ్ళే. వ్యానక్క ఇంటికొచ్చి, ఫోను తీసి, బాబాయి పేరు మీద వేలు పెట్టింది. తీసెయ్యమంటారా అని ఫోను అడిగింది. స్టీరింగు పట్టుకోవడం రాక ఆవిడ మొదటిరోజు ఏడిస్తే, “ఏడుపయ్యాక గేరు మార్చు” అన్న మనిషి ఆయన. వేలు నొక్కలేకపోయింది. అలాగని ఆయన్ని వదిలేస్తే పిల్లలు రోడ్డు మీద. అడకత్తెరలో పడ్డట్టయింది.

అత్తగారు మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. కళ్ళు మసకబారాయి గానీ, పక్కింట్లో చెంచా కింద పడితే అది ఏ చెంచానో చెప్పగలదు. కోడలి మొహం చూడకుండానే, “ఏమైంది? మెట్లు బరువుగా ఎక్కావు” అంది.

వ్యానక్క జరిగిందంతా చెప్పింది. “మనస్ఫూర్తిగా ఒప్పుకుని, తెల్లారేసరికి అడ్డం తిరిగాడత్తయ్యా. అంత పెద్దమనిషి.”

“ఒప్పుకున్నాడా? ఏమన్నాడు?”

“సరే అన్నాడు.”

“ఏ సరే?”

“ఏ సరే ఏంటి? సరే అంటే సరే.”

అత్తగారు చేతిలో చొక్కా పక్కన పెట్టింది. “పిచ్చిదానా. నేను బోర్డు ముందు కూర్చుని ఎన్ని సరేలు విన్నానో తెలుసా? టక్కున ‘సరే’ అంటే పెళ్ళికి ఒప్పుకున్నట్టు. ‘సరేలే’ అంటే ఆ పెళ్ళయి పదేళ్ళయినట్టు. ‘సరే సరే’ అంటే పొయ్యి మీద పాలున్నాయి, ఫోను పెట్టెయ్యమని. ‘స...రే’ అని సాగదీశాడా, వాడు చచ్చినా చెయ్యడు. అన్నిటికన్నా చెడ్డది ఇంకోటుంది. గాలి తీసేసినట్టు, మెల్లగా, ఒక్కటే ‘సరే’. ఇక నాతో మాట్లాడకు అని దానర్థం. అది వినపడ్డాక నా బోర్డు మీద దీపం ఆరిపోయేది. మీ బాబాయి అన్నది వీటిలో ఏది?”

వ్యానక్క ఫోను వైపు చూసింది. అందులో రెండక్షరాలున్నాయి. గొంతు లేదు.

“దానికి ముందు ఏమన్నాడో చదువు” అంది అత్తగారు.

వ్యానక్క వెనక్కి జరుపుకుంటూ పోయింది. పువ్వులు దాటింది, బొటనవేళ్ళు దాటింది, సైలెన్సర్ ఉపన్యాసాలు దాటింది. వారం మొదట్లో బాబాయి రాసింది దొరికింది. “ప్రెస్సు మలుపు నాకు కుదరదమ్మాయ్.” దాని కిందే తన జవాబు. “కుదురుతుంది బాబాయ్. అందరికీ కుదురుతుందిగా.” ఆయన మళ్ళీ మాట్లాడలేదు. చివర్న సరే అన్నాడు, అంతే. పైకి చదువుతుంటే వ్యానక్క మొహం మాడిపోయింది.

“ఎందుకు కుదరదో అడిగావా?”

“లేదత్తయ్యా.”

“మరి ఒప్పించానంటావేం. నోరు మూయించావు.”

అత్తగారి మాట చెంప ఛెళ్ళుమనిపించింది. వ్యానక్క లేచి తాళాలు తీసుకుంది.

బాబాయి నీళ్ళ కుళాయి దగ్గర బండి కడుగుతున్నాడు. ఆవిణ్ణి చూసి పైపు ఇంకో పక్కకి తిప్పాడు. “తీసేశావా నన్ను?”

“లేదు. మీరన్నది ఏ సరేనో అడగమంది మా అత్తయ్య. ప్రెస్సు మలుపు మీకెందుకు కుదరదో చెప్పండి.”

“సరే అన్నాగా. మళ్ళీ ఎందుకు అదంతా. సోమవారం నుంచి నేను రానులే, మీరు పోండి.”

“అది నేనడిగినదానికి సమాధానం కాదు బాబాయ్.”

“నువ్వు వదలవా?”

“మీకు తెలుసుగా.”

ఆయన టైర్లు కడిగాడు, కడిగిన టైర్లే మళ్ళీ కడిగాడు. వ్యానక్క పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. పోయే ఉద్దేశం ఉన్న మనిషి కూర్చునే పద్ధతి కాదది. చివరికి ఆయన బండి అవతలి పక్కకి నడిచి, రమ్మన్నట్టు తల ఊపాడు. తలుపు దగ్గర్నుంచి వెనక చక్రందాకా గీత పడి ఉంది. దానిమీద ఇంట్లో మిగిలిన రంగేదో పూశాడు. అది ఈ పసుపూ కాదు, ఇంకే పసుపూ కాదు.

“నువ్వు రాసిన రోజే ఒక్కణ్ణే పోయి చూశాను” అన్నాడు మెల్లగా. “నా బండి మీ అందరిదానికన్నా పొడుగు. అక్కడ ప్రెస్సువాళ్ళ మెట్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఎంత తిప్పినా తిరగలేదు. మీ అందరికీ మలుపు తిప్పడం నేర్పినవాణ్ణి, నాకు తిరగలేదని ఆ గ్రూపులో ఎలా రాయమంటావ్? సరే అన్నాను. ఏదో ఒకటి చేద్దామనుకున్నా. పొద్దున అక్కడికొచ్చేసరికి చేతులు వాటంతటవే పాత పని చేశాయి.”

వ్యానక్కకి ఆయన మీద కోపం రాలేదు. తన మీదే వచ్చింది. “తప్పు నాది బాబాయ్, మిమ్మల్ని అడగలేదు. రేపు ఆదివారమేగా, రండి, ఆ మలుపు చూద్దాం.”

ఆదివారం ప్రెస్సు మూసి ఉంది. సందులో పురుగు లేదు. ఇద్దరూ మలుపు దగ్గర నిలబడి చూశారు. లాండ్రీ వైపు నుంచి వస్తే ఎదురుగా గోడ, పక్కన మెట్లు, పొడుగు బండి ముక్కు పెట్టడానికే చోటు లేదు. మలుపు దాటాక మాత్రం ప్రెస్సు లారీ తిరగడానికి వదిలిన ఖాళీ జాగా ఉంది. వ్యానక్క ఆ జాగాలో నిలబడి వచ్చిన దారిని వెనక్కి తిరిగి చూసింది.

“బాబాయ్, ఇటు నుంచి వస్తే?”

“ఇటు నుంచి ఎవరూ రారు కదమ్మాయ్.”

“రారు. వస్తే?”

ఆయన కళ్ళు చిట్లించి జాగా వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు. పోయి బండెక్కాడు. వెనక వీధి చుట్టూ తిరిగి వచ్చి, బండిని ఖాళీ జాగాలోకి దూరంగా పోనిచ్చి, అక్కణ్ణుంచి తిప్పాడు. వ్యానక్క మెట్ల పక్కన నిలబడి, ఒకప్పుడు ఆయన తనకి ఊపినట్టే, రమ్మని చెయ్యి ఊపింది. పొడుగాటి బండి మెట్లని తాకకుండా జారి సందులోకి వచ్చేసింది. నేరుగా పోయి గేటు ముందు ఆగింది. తలుపు గేటుకి ఎదురుగా ఉంది.

వ్యానక్కకి అప్పుడు గుర్తొచ్చింది. సైలెన్సర్ మొదటిరోజే మొత్తుకున్నది ఈ తలుపు గురించే. వాడి సరేని కూడా తను అలాగే లాక్కుంది.

“నీ ఆలోచనగా చెప్పు అందరికీ” అన్నాడు బాబాయి దిగుతూ. “గీత సంగతి ఎందుకులే.”

“మీరు చెప్పకపోతే, మీరు మాట తప్పారనే అనుకుంటారు బాబాయ్. నేను అలా అనుకోనివ్వను.”

ఆ మధ్యాహ్నం గ్రూపులో వ్యానక్క రాసింది: “కొత్త దారి ఉంది. వెనక వీధి, ప్రెస్సు, గేటు, లాండ్రీ, మెయిన్ రోడ్డు. చుట్టు అదే, తిరగడం అటు నుంచి. ఈసారి ఎవరూ సరే అనొద్దు. సరే అన్నవాళ్ళకి నేనే ఫోను చేస్తా. ఎవరికి ఏం ఇబ్బందో చెప్పండి. రాయొద్దు, నోటితో చెప్పండి. ఇబ్బంది లేకపోతే లేదని అదే చెప్పండి.”

ఎవరూ పలకలేదు. సైలెన్సర్ కూడా పలకలేదంటే ఆలోచించుకోండి. ముందుగా వచ్చింది బాబాయి గొంతే.

“నేను మాట్లాడేది. లాండ్రీ వైపు నుంచి ప్రెస్సు మలుపులో నా బండి తిరగలేదు. మెట్లకి గీసుకుపోయింది. నేర్పినవాణ్ణి కదా, చెప్పుకోడానికి సిగ్గేసింది. గేటు ముందు వెనక్కి కొట్టింది తప్పే. ఆ సంచి తొక్కింది కూడా నేనే. అది నిద్రలో కూడా గుర్తొస్తోంది. అటు నుంచి అయితే నాకు ఇబ్బంది లేదు.”

తర్వాత సైలెన్సర్ గొంతు, దానికి ఎప్పుడూ లేనంత మెత్తగా వచ్చింది. “బాబాయ్... నాక్కూడా గీసుకుంది. నిన్ననే. మీకు తెలిస్తే నవ్వుతారని వెనకాల స్టిక్కరు అంటించా. తలుపు గేటు వైపొస్తే నాకు ఏ ఇబ్బందీ లేదు.”

ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. వ్యానక్క ప్రతి గొంతునీ అత్తగారి చెవి దగ్గర పెట్టి వినిపించింది. అత్తగారు కళ్ళు మూసుకుని, పాత ఉద్యోగం మళ్ళీ దొరికినట్టు నిటారుగా కూర్చుంది. ఒక్కచోట చెయ్యెత్తింది. “వీడెవడు?”

“గుడ్‌మార్నింగ్. ఇబ్బంది లేదనే అన్నాడుగా.”

“‘ఇబ్బంది’ తర్వాత ఊపిరి తీసుకుని ‘లేదు’ అన్నాడు. అడుగు.”

అడిగితే విషయం బయటపడింది. చుట్టు తిరిగి రావాలంటే అందరూ కాస్త ముందే బయల్దేరాలి. వాడు ఎక్కించుకునే పిల్లల్లో ఒకడి తల్లి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. ఆవిడ ఇంటికి చేరేదే వ్యాను వచ్చే వేళకి. ముందే పోతే పిల్లవాడు తల్లి మొహం చూడకుండా బడికి పోవాలి. “అందరూ ఒప్పుకుంటుంటే నేనొక్కణ్ణీ అడ్డమెందుకని ఊరుకున్నానక్కా” అన్నాడు. ఆ ఇల్లు బడికి దగ్గరే. సైలెన్సర్ ఆఖరున పోయేది ఆ వీధి మీదుగానే. “ఆ పిల్లాణ్ణి నేను ఎక్కించుకుంటా” అన్నాడు వాడు, ఎవరూ బతిమాలకుండానే.

ఇక వ్యానక్క పెద్ద మేడానికి ఫోను చేసింది. కిందటిసారిలా ఎగరలేదు. “అందరి ఇబ్బందులూ విన్నానండీ. ఇప్పుడు ఒక్కమాట మీదున్నాం” అంది.

సోమవారం పొద్దున పెద్ద మేడం కిటికీ దగ్గర కాదు, గేటు దగ్గరే నిలబడింది. ప్రెస్సు వైపు నుంచి వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. తలుపులు గేటు వైపే తెరుచుకున్నాయి. రెండో తరగతి పిల్ల కొత్త సంచితో వ్యానక్క బండిలోంచి దిగి, స్నేహితురాలిని చూసి మళ్ళీ పరుగెత్తింది. ఈసారి అది పరుగెత్తింది గేటు లోపలికే. చివరగా పొడుగాటి బండి మెట్లు తాకకుండా మలుపు తిరిగి వచ్చి, దింపి, లాండ్రీ వైపు సాగిపోయింది. సందులో కుయ్ కుయ్ అన్న చప్పుడు ఒక్కటి వినపడలేదు. పెద్ద మేడం చేతిలో గొడుగు చంకన పెట్టుకుని లోపలికి పోయింది.

మెయిన్ రోడ్డు మీద ఎర్ర లైటు పడింది. వ్యానక్క ఫోను మోగింది. గ్రూపులో బాబాయి రాశాడు.

“రేపు కూడా ఇలాగే. సరే.”

వ్యానక్క రెండక్షరాల వైపూ చూసింది. బండి పక్కకి తీసి ఆపి, ఫోను చేసింది.

“బాబాయ్, ఏ సరే అది?”

అవతల ఇంజను చప్పుడు, దాని మీద ఆయన నవ్వు. “ఇంటికి పోయాక ఫోను మీ అత్తగారికి ఇవ్వు” అన్నాడు. “ఆవిడకే చెప్తా.”